గట్టిమేళం ట్రయల్ వెర్షన్

పెనుకొండ సుభాన్ పెళ్లిళ్లలో నాదస్వరం ఊదేవాడు. ముందుపళ్లు ఊడాక గాలి పక్కలకు పోయి, పిలుపులు ఆగిపోయాయి. పళ్లు కట్టించుకోమని కూతురు ఫరీన్ పోరుపెడితే, పోయి లాప్‌టాప్ కొన్నాడు. కీబోర్డు నొక్కితే నాదస్వరం మోగాలి. అందుకు సంగీతం సాఫ్ట్‌వేర్ ఒకటి, అందులోకి ఎక్కించే నాదస్వరం ప్లగిన్ ఒకటి కావాలి. రెండింటికీ పొత్తు కుదరాలి.

హిందూపురంలో అనిల్ కంప్యూటర్ షాపుకు, పక్కింటివాణ్ణి కాబట్టి, నేనూ తోడు పోయాను. సుభాన్ తెచ్చిన ప్లగిన్‌ను మొదటి సాఫ్ట్‌వేర్ అసలు చూడనే లేదు, ఆఫీసులో గుమాస్తా మనలాంటి వాళ్లను చూడనట్టు. రెండోది దాన్ని తెరిచి, తనే మూసుకుపోయింది.

"కొనేముందు దేంట్లో పనిచేస్తాదో చూసుకోవద్దా మామా?" అన్నాడు అనిల్.

"నాదస్వరం కొనేటప్పుడు ఏ నోట్లో పనిచేస్తాదని ఎవురన్నా అడుగుతారా అబ్బీ?"

చివరికి అనిల్ ఇంకో ప్లగిన్ వెతికాడు. అది కుదిరింది. "కానీ ఇది ట్రయల్ మామా. డబ్బు కట్టేదంకా నిమిషానికోసారి కొంచేపు గమ్మునైపోతాది."

చాలా కాలానికి వచ్చిన పిలుపు, ధర్మవరంలో లక్ష్మీదేవమ్మ మనవరాలు గౌరి పెళ్లి. తాళి కట్టేటప్పుడు తుమ్ములూ దగ్గులూ వినబడకుండా గట్టిమేళం హోరెత్తాలి. అప్పుడు మేళం ఆగిందా, ఆ మేళగాణ్ణి మళ్లీ ఎవరూ పిలవరు.

సుభాన్ పురోహితుడితో ముందే మాట్లాడుకున్నాడు. నాదస్వరం ఒకసారి గమ్మునై మళ్లీ మొదలవగానే ఆయన గట్టిమేళానికి వేలెత్తి, తాళి కట్టించాలి. మూడు ముళ్లకు నిమిషం చాలదా?

చాలలేదు. బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేసే పెళ్లికొడుకు చేతిలో రెండో ముడే జారిపోయింది. నాదస్వరం టక్కున ఆగింది. అది ఆగితే ఆగడం డోలు సంజీవప్పకు అలవాటు. అతనూ ఆగాడు. నిశ్శబ్దంలో, పురోహితుడి మైకులోంచి గౌరి గొంతు మండపమంతా వినబడింది:

"ముడెయ్యను గూడా రాదా? మరి బూట్ల లేసులు ఎవురు కడతాండారు నీకు?"

మండపం ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ముళ్లు పడ్డాయి, మేళం మళ్లీ మోగింది. సుభాన్ మాత్రం తల ఎత్తలేదు.

భోజనాలయ్యాక లక్ష్మీదేవమ్మ నేరుగా వచ్చింది. సుభాన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా, మా చిన్న మనవరాలి పెండ్లికీ నువ్వే రావల్ల. అప్పుడు గూడా కరెక్టుగా ఆడనే ఆపల్ల. ఎన్ని పెండ్లిండ్లు చూసినా, తాళి కట్టేటప్పుడు పెండ్లికూతురేమంటాదో యానాడూ వినలేదు!"

"అట్లే కానీమ్మా," అన్నాడు సుభాన్.

తిరుగు బస్సెక్కాం. పిలుపు దొరికింది కదా మామా అన్నాను.

"దొరికిందిలే," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "ఇన్నేండ్లు ఊపిరి పోయేదంకా ఆపకుండా ఊదితి కదప్పా. ఒక్కరన్నా బాగుండాదని అన్నారా?"