మత్తయ్య లెక్కపెట్టిన పదకొండు మంది

సినిమా అవార్డులు ప్రకటించిన మర్నాడు తాండూరు స్టేషన్ పక్క హోటల్లో మత్తయ్య నోటికి పట్టపగ్గాలుండేవి కావు. "గవన్ని పైరవీలు. సినిమా సూడకుండనే ఇస్తరు," అని ఒక్కమాటలో కొట్టిపారేసేవాడు. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. టాకీసులో ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేటరుగా రీళ్లు తిప్పిన మనిషితో సినిమా గురించి వాదనకు దిగేదెవరు?

ఆయనకొక విద్య ఉంది. కేబిన్ గోడకు రెండు కన్నాలుండేవి. ఒకదాంట్లోంచి మిషను వెలుగు పోయేది, ఇంకోదాంట్లోంచి మత్తయ్య చూసేవాడు. చూసేది తెరను కాదు. రోజుకు నాలుగాటలు అదే బొమ్మను ఏ మనిషి చూస్తాడు? ఆయన జనాన్ని చూసేవాడు. ఇంటర్వెల్ కాకముందే ఎంతమంది లేచారో లెక్కపెట్టి, శుక్రవారం మొదటి ఆటకే యజమానికి చెప్పేసేవాడు, "సేట్, ఇది వారం గూడ ఆడది," అని. నిజంగానే ఆడేది కాదు. టాకీసు ఫంక్షన్ హాలుగా మారాక ఆ విద్యను అడిగే దిక్కు లేకుండా పోయింది.

అందుకే వికారాబాద్‌లో చిన్న సినిమాల పోటీ పెట్టి జడ్జిగా రమ్మంటే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పొద్దున్నే రైలెక్కాడు. మొదటి బహుమతి వచ్చిన సినిమాను హైదరాబాద్‌లో పెద్దవాళ్ల ముందు వేస్తారట. తక్కినవి ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవాల్సిందే. మిగతా ఇద్దరు జడ్జిలు కాలేజీ లెక్చరర్ పద్మారాణి, బట్టల వ్యాపారి జనార్దన్.

సాయంత్రానికి రెండు సినిమాలు మిగిలాయి. నవీన్‌కుమార్ అనే కుర్రాడు పెళ్లిచూపుల తమాషా తీశాడు. హాలంతా విరగబడి నవ్వింది. రెండోది ధారూర్ అమ్మాయి బిందు ఫోనుతో తీసింది. బండల పాలిష్ పనిలో దుమ్ము మింగి మింగి ఊపిరి పాడు చేసుకున్న తన తండ్రి పాండు కథ. మత్తయ్య అలవాటు కొద్దీ వెనక గోడకు ఆనుకుని కళ్లు జనం మీద పెట్టాడు. తెర మీద ఎవరో ఏసుపాట పాడుతున్నారు, ఆగుతున్నారు, మళ్లీ మొదలుపెడుతున్నారు. అది ఆయన చెవిన పడింది గాని కంట పడలేదు. ముందు ఒకడు లేచాడు. తర్వాత ఇద్దరు. పాట అయ్యేసరికి పదకొండు మంది బయటికి నడిచారు.

పద్మారాణి బిందు సినిమాకే ఇవ్వాలంది. జనార్దన్ నవీన్‌కుమార్ వైపు నిలబడ్డాడు. "మత్తయ్య సార్, ఇగ మీరెట్లంటే అట్ల," అందామె.

"పదకొండు మంది లేసిన్రు మేడం," అన్నాడు మత్తయ్య. అంతటితో బహుమతి నవీన్‌కుమార్‌దైపోయింది.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర బిందును చూసి జాలిపడ్డాడు. ఆ పిల్ల భయానికి లోపలికే రాలేదట, సినిమా నడిచినంతసేపూ వరండాలోనే నిలబడిందట. "ఫికర్ చెయ్యకు బిడ్డా. నడుమల గా పాట తీసెయ్యి. జనం గాడనే లేస్తున్నరు," అని సలహా కూడా పారేశాడు. ఆమె బుద్ధిగా తలూపింది.

తిరుగు రైల్లో ఎదుటి సీట్లో కూర్చున్నవాణ్ణి మత్తయ్య గుర్తుపట్టాడు. అందరికన్నా ముందు లేచింది వాడే. పేరు శ్రీను, తాండూరులో బండల కార్ఖానా పని.

"ఏం తమ్మీ, నచ్చలేదా? నడుమలనే లేస్తివి."

"నచ్చకపోవుడేంది పెద్దయ్యా. కూసోలేకపోయిన," అన్నాడు శ్రీను. "మా అన్నకు గూడ ఆఖర్ల గట్లనే ఊపిరి తెగుతుండె. ఎనక తలుపుకెల్లి బయటికొచ్చి నల్ల కాడ మొకం కడుక్కున్న. మేం పదకొండు మందిమి ఒక్క కార్ఖానా వోళ్లం. ఏడుపాగక కొందరు మళ్ల లోపటికే రాలే."

ధారూర్‌లో రైలు ఆగింది. బిందు ఊరే; మత్తయ్య దిగాలనుకున్నాడు గాని దిగలేదు. సినిమా చూడకుండా ఇస్తారని ఇన్నేళ్లూ ఊరి మీద పడి తిట్టాడే, పైరవీకి లొంగినవాడు కూడా తెర వైపు ఒక్కసారన్నా చూసి ఉంటాడు. తను ఆ మాత్రం కూడా చేయలేదు. బహుమతి మార్చమని పద్మారాణికి ఫోన్ చేస్తే, నవీన్‌కుమార్ సినిమా హైదరాబాద్ వెళ్లిపోయింది, ఇక మార్చలేమంది. ఆదివారం చర్చిలో అందరూ రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తుంటే, ఆ తప్పు పెట్టుకుని ఆయన లేవలేక కూర్చుండిపోయాడు. మర్నాడు ధారూర్‌లో దిగి, దారి అడుగుతూ బిందు ఇంటికి వెళ్లాడు.

తల్లి రాహేలమ్మ నీళ్లిచ్చింది. పాండు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. మత్తయ్య నోరు తెరిచేలోపే బిందు సంబరంగా ఫోను తెచ్చింది. "మీరొచ్చిన్రు, మంచిగైంది తాతా. సూడుండ్రి."

ఈసారి ఆయన తెర మీది నుంచి చూపు తిప్పలేదు. పాలిష్ మిషను, తెల్లటి దుమ్ము, ఆ దుమ్ములో పాండు కనురెప్పలు, చర్చి మెట్ల మీద ఆయాసంతో కూలబడడం. ఆ వెంటనే అయిపోయింది.

"పాటేది బిడ్డా?"

"తీసేసిన గద తాతా, మీరు చెప్పినట్లే. ఫోన్ల జాగ లేక పాతదంత కొట్టేసిన, ఇంకేడ లేదు. ఇప్పుడైతే ఎవ్వలు లేవరు గద?"

"మళ్ల తియ్యరాదా?"

పాండు నవ్వబోయి దగ్గాడు. "ఇప్పుడు పాడనీకె... ఒక్క ముక్క గూడ... వస్తలేదన్నా. ఏమాయె, మీరు మా మంచికే చెప్పిన్రు."

అంతటితో లేచి వచ్చేసినా ఆపేవాళ్లు లేరు. మత్తయ్య లేవలేదు. శ్రీను చెప్పిందంతా, ఎవరు ఎందుకు లేచారో అంతా, తల వంచుకుని చెప్పేశాడు. రాహేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిందు ఫోను ఆపి పక్కన పెట్టింది. తిట్టలేదు. చిన్నగా అడిగింది.

"నేను బయటనే ఉంటి తాతా. గంత పెద్ద తెర మీద మా నాయిన పాడుతుంటే ఎట్లుండె?"

"సూడలే బిడ్డా," అన్నాడు మత్తయ్య. "నేను జనాన్ని సూసిన."