రెండు ఊర్ల ఈగలు ఒక్క సీసాలో

మాది గొర్రెల ఇల్లు. జమ్మలమడుగు దగ్గర పెన్నలో గొర్రెలకు నీళ్లు తాపేటప్పుడు చిన్న నల్లీగలు చెవుల్లో దూరి రక్తం తాగుతాయి. మనిషినీ ఇడ్సవు. కుట్టినచోట రెండు దినాలు గోక్కోవాల్సిందే. ఆ ఈగల మీద పరిశోధన చేస్తాండా, పట్టిస్తావా అని ప్రొద్దుటూరులో పాఠాలు చెప్పే ఒక మేడం కూలికి పిలిస్తే నాకు నవ్వొచ్చింది. చంపాల్సినదాన్ని చదువుతారా ఎవరైనా?

ఈ ఈగ శానా దేశాల్లో ఉందంట. చూసేదానికి అంతా ఒకటే. లోపల జన్యువులు మాత్రం చోటును బట్టి మారతాయేమో, ఆ తేడా పట్టుకోవాలని ఆమె పట్టుదల. ఈగ పిల్లలు పారే నీళ్లలో రాళ్లకు అతుక్కోనుంటాయి. నేను వాటిని తీసి స్పిరిట్ పోసిన సీసాలో వేసి, మూత మీద ఊరి పేరు రాయాల. సీసాకు ఇరవై పురుగులుండాల, కూలి సీసా లెక్కన.

ఒకదినం పెన్నలో ఎంత దేవులాడినా పన్నెండే దొరికినాయి. ఎండ మాడ్చేస్తాంది. ముందుదినం సింహాద్రిపురం కాలువలో పట్టినవి సంచిలో ఇంకో సీసాలో ఎక్కువే ఉన్నాయి. ఎనిమిది తీసి ఈ పెన్న సీసాలో వేసినా. మా గొర్రెలకైతే మందకో తీరు చెవికోత ఉంటాది, రెండు మందలు కలిసిపోతే ఆ గుర్తు చూసి విడదీస్తాం. ఈగకు ఏ గుర్తుంది? గుర్తు లేనిది ఎవరి మందలో ఉంటే ఏమిలే అనుకున్నా. తప్పని మనసుకు తట్టనే లేదు.

ఆర్నెల్లకు మేడం రమ్మనింది. పోతే మొగమంతా నవ్వు. కంప్యూటర్ తెర నా పక్కకు తిప్పింది.

“చూడన్నా, మొదట నీ పెన్న సీసానే పరీక్ష చేయించినా. పన్నెండు ఒక వంశం, ఎనిమిది ఇంకో వంశం. ఒక్కచోటే రెండూ కలిసి బతుకుతాండాయి. రేపు పెద్దోళ్ల ముందర ఇదే చెప్తా.”

నేను చేత్తో వేసిన లెక్కను ఆ మిషన్ ఉన్నదున్నట్టు బయటపెట్టింది. నా కంటికి అచ్చం ఒకటే అనిపించిన పురుగులు లోపల అంత వేరుగా ఉన్నాయా? కూర్చోలేక లేచి నిలబడినా. చెప్పకుండా వచ్చేద్దామని ఒక్క గడియ అనిపించింది, అబద్ధమెందుకు. కానీ రేపు పదిమందిలో నగుబాటయ్యేది ఆమె, నేను కాదు.

చెప్పేసినా.

ఆమె తిట్టలేదు. తిట్టింటే బాగుండు. తెర తన పక్కకు తిప్పుకోని, మెల్లగా అడిగింది.

“పోనీలే అన్నా. ఈ ఒక్క సీసా తీసేస్తా, మూడేండ్ల పని మిగులుతాది. ఇంక దేంట్లోనూ కలపలేదు కదా?”

నేనిచ్చిన సీసాలు నలభై దాకా ఉన్నాయి. తక్కువ పడినప్పుడల్లా అట్లనే సరిచేసినా. యాడ కలిపినానో, యాడ కలపలేదో నాకు గ్యాపకం లేదు. ఆ మాటే ఆమెకు చెప్పినా.