అడ్మిరల్ కోటులో రెండు వేళ్ళ గుడ్డ

నా చిన్నప్పుడు ఒక ఇంగ్లీషు అడ్మిరల్ వంశాన్ని నేనొక్కణ్ణే కత్తెరతో ఆపేయబోయాను. ఫిరంగులున్న శత్రువులకే చేతకాని పని అది. ఆరో తరగతిలో లెక్కల సారుకు భయపడి బడి కిటికీలోంచి దూకి, మళ్ళీ ఆ గడప తొక్కనివాడికి ఇంతకన్నా పెద్ద యుద్ధ చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

అప్పట్లో మా బాపు దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని ఒక సందులో చిన్న దర్జీ దుకాణం నడిపేవాడు. చమురు పొంగుతున్న రోజులవి. పొద్దున ఇసుక దిబ్బ ఉన్నచోట సాయంత్రానికి గోడ లేచేది. బడి మానేసి ఊరి మీద పడ్డ నన్ను, పని నేర్పిస్తానని బాపు వెంట తెచ్చుకున్నాడు. అమ్మా, చెల్లీ జగిత్యాల దగ్గర మా ఊళ్ళోనే ఉండిపోయారు. ఊరి వాళ్ళ దృష్టిలో మేము దుబాయ్‌లో ఉన్నాం. ఖతర్ అని చెబితే, అది దుబాయ్‌లో ఏ వాడ అని అడిగేవారు.

ఒకరోజు చమురు కంపెనీలో పనిచేసే ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన పొడుగాటి పెట్టె మోసుకుని వచ్చాడు. అందులో ముదురు నీలం ఉన్ని కోటు ఉంది. చేతులకు బంగారు జరీ, వెనక రెండు తోకలు. అది ఆయన ముత్తాతది. ఆ ముత్తాత అడ్మిరల్. మాకు నమ్మకం కలగదనుకున్నాడో ఏమో, వంశవృక్షం కాగితం కూడా తెచ్చి మా బల్ల మీద పరిచాడు. అడ్మిరల్ పన్నెండేళ్ళకే ఓడెక్కాడట. అంటే సరిగ్గా అప్పటి నా ఈడు. తుఫానులు, యుద్ధాలు దాటి, జుట్టు తెల్లబడ్డాక అడ్మిరల్ అయ్యాడట. ఆయన కొడుకూ, మనవడూ నౌకల మీదే బతికారు. ఈ మునిమనవడు ఒక్కడే సముద్రాన్ని వదిలి చమురు బావి పట్టుకున్నాడు.

అయినా ఆ ఇంటి ఆచారం తప్పకూడదు. వంశంలో ప్రతి మగవాడూ నలభై నిండిన రోజున ఆ కోటు తొడుక్కుని ఫొటో దిగాలి. ఈయనకు వచ్చే శుక్రవారం నలభై నిండుతాయి. పొట్ట మాత్రం అప్పటికే యాభై దాటింది. కోటు సరిగ్గా కుదిరితే తన కంపెనీ పనివాళ్ళ బట్టలన్నీ మా దుకాణంలోనే కుట్టిస్తానన్నాడు. బాపు నా వైపు చూశాడు. ఆ పని దొరికితే అమ్మనూ చెల్లెనూ తెచ్చుకోవచ్చని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

బాపు బొంబాయిలో సూట్లు కుట్టి వచ్చిన మనిషి. కోటును లోపలి వైపుకు తిప్పి, పాత సూది రంధ్రాల మీద వేలు పోనిచ్చి, తన బొంబాయి ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. మీ తాత తిండి పుష్టి ఉన్నవాడు, మీ నాన్నకు కుడి భుజం కాస్త కిందికి ఉండేది, అని. ఇంజనీరు తన కాగితం మీదికి వంగి వెతికాడు. వాళ్ళ నాన్నకు యుద్ధంలో ఆ భుజం విరిగిందట. వంశవృక్షంలో ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.

మధ్యాహ్నం బాపు దారం కొనడానికి బజారుకు పోతూ, పక్క కుట్లు విప్పి పెట్టమన్నాడు. విప్పాను. చూస్తే లోపల రెండు వైపులా రెండేసి వేళ్ళ వెడల్పున గుడ్డ మడతలు పడి ఉంది. ఎవడో చేతగాని దర్జీ అనుకున్నాను. అంచు దాకా నీటుగా కత్తిరించి, బాపు మెచ్చుకుంటాడని ఆ పీలికలను బల్ల మీద వరసగా పేర్చాను.

బాపు వచ్చి పీలికలను చూశాడు. కొడతాడనుకున్నాను. స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇది ఎందుకుంటదో ఎరుకేనారా?"

"మందంగ ఉన్నది గద అని..."

"తొడుక్కునేటోని కోసం కాదురా. ఇంకా పుట్టనోని కోసం."

నాలుగు తరాల కోసం ఎవరో దాచిన గుడ్డను నేను ఒక్క మధ్యాహ్నంలో ఖర్చు చేశాను. కోటు వెడల్పు చేయడానికి ఇక దారి లేదు. అమ్మ రాదు. నన్ను కూడా విమానం ఎక్కించి ఊరికి పంపేస్తాడని, బడి కిటికీ మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది.

మరునాడు పొద్దున బాపు కోటు తోకలను తిరగేసి తడుముతూ కూర్చున్నాడు. కింది అంచులో జానెడు గుడ్డ లోపలికి మడిచి ఉంది. ఆ పాతకాలపు దర్జీ అక్కడా దాచాడు. చంక కింది నుంచి నడుము దాకా చెరో ముక్క వేస్తే సరిపోతుంది, చెయ్యి దించితే అతుకు కనపడదు. అయితే ఉన్నది రెండు ముక్కలకే. తప్పు పోతే మూడోది లేదు. బాపు కాగితం మీద కొలత గీసి, గుడ్డ పక్కన పెట్టి, కత్తెర నా చేతికిచ్చాడు.

"నేను చాయ తాగొస్త. నువ్వు కొయ్యి."

"నేనా బాపూ?"

"నిన్న చెప్పకుండనే కోసినవ్ గద. ఇయ్యాల చెప్పినా భయమేంది?"

వెళ్ళిపోయాడు. ఉన్ని నూగు ఏ వైపు పడుకుందో చేత్తో నిమిరి చూశాను. కాగితాన్ని మూడుసార్లు సర్దాను. నా జన్మలో నోరు మూసుకుని చేసిన మొదటి పని అదే. రెండు ముక్కలూ కోసి, కత్తెర కింద పెట్టాకే ఊపిరి వదిలాను. బాపు వచ్చి, కొలిచి, ఆ ముక్కలు పట్టుకుని నేరుగా మిషను ముందు కూర్చున్నాడు. ఆయన భాషలో అది మెచ్చుకోలు.

శుక్రవారం కోటు గుండీలన్నీ పడ్డాయి. అంతటితో ఊరుకోవచ్చు కదా. బాపు ఇంజనీరు చెయ్యి పైకెత్తించి అతుకు చూపించి, జరిగిందంతా చెప్పేశాడు. నేను పరదా వెనక్కి చేరాను. ఇంజనీరు అద్దంలో చాలాసేపు చూసుకుని, తన కొడుక్కి గుడ్డ మిగిలిందా అని అడిగాడు. బాపు రెండు వేళ్ళు చూపించాడు. కొత్త ముక్కల లోపల అంత గుడ్డ వదిలేలా ముందే కొలత గీశాడన్నమాట.

ఇంజనీరు పరదా తీసి నాతో చెయ్యి కలిపాడు. అడ్మిరల్ కూడా ఓడెక్కిన మొదటి నెలలోనే కెప్టెన్ దుర్భిణిని సముద్రంలో పడేశాడట. అది కూడా కాగితం మీద లేదు.

కంపెనీ బట్టలు మాకే వచ్చాయి. ఆరు నెలలకు అమ్మా, చెల్లీ దిగారు. చెల్లె అటూ ఇటూ చూసి, దుబాయ్ ఇదేనా అంది. అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

ఇప్పుడు దోహాలోనే ఇండస్ట్రియల్ ఏరియాలో నాకో దుకాణం ఉంది. ఏ చొక్కా కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాను. మా దగ్గర పని నేర్చుకునేవాడు గుడ్డ పాడుచేస్తే, మరునాడు దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన గుడ్డ వాడి ముందు పరిచి చాయకు పోతాను.

బాపు బాగా ముసలివాడయ్యాక ఒకసారి ఏడిపించాను. అడ్మిరల్ వంశాన్నంతా నా నెత్తిన పెట్టి నువ్వు పోయి నిమ్మళంగ చాయ తాగినవ్ గద బాపూ, అని. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు:

"చాయ ఎక్కడ తాగినరా? తలుపెనుక నిలబడి నీ కత్తెర సప్పుడు ఇన్న. గిలాసల చాయంత నా లుంగి మీదనే పడ్డది. నీ చెయ్యి గంతగనం వణకలే."