మడికొండ నుంచి నవనీత చేరింది

కొత్తవాడ సాలెవాళ్లలో నవనీతకు ఒక పేరుండేది, దేన్నీ ఓ పట్టాన నమ్మదని. నూలు ఇచ్చే సేటు తూకం వేస్తే మళ్లీ వేయించేది. ఉచితం అన్న మాట చెవిన పడితే చాలు, మొహం చిట్లించేది. తమ్ముడు సాయికిరణ్ డబ్బు కట్టి ఫోన్లోకి క్రికెట్ ఆట తెచ్చుకుంటే, నెట్ పోయిన రోజున అది తెరుచుకోలేదు. వాడు తల పట్టుకు కూర్చుంటే, కండెలు చుట్టడం ఆపి మరీ నవ్వింది.

"ఒక్కనివే ఆడే ఆటకు నెట్ ఎందుకురా? మనం నేసి అమ్మిన జంపఖానా మీద కూసునేటందుకు కొన్నోడు రోజూ మనల్ని అడుగుతాండా?"

"గది వేరక్కా. దానికి సర్వర్ ఉంటది."

"నువ్వు కొన్నది ఆట కాదు. కంపెనోడు ఎప్పుడంటే అప్పుడు తాళమేసుకునే అర్ర, గంతే."

ఇంత తెలిసిన మనిషి మోసపోయిందంటే తెలివి తక్కువై కాదు, భయం ఎక్కువై. భర్త విజయ్‌కుమార్ తాగి కొట్టేవాడు. కొట్టి కొట్టి చెయ్యి నొప్పి పుడితే ఆమె ఫోన్ లాక్కుని, ఎవరితో మాట్లాడావని తిట్టేవాడు. ఆమె ఇల్లు విడిచి మడికొండలో ఒక హాస్టల్ వంటగదిలో పనికి కుదిరింది. అయినా వేళాపాళా లేకుండా ఫోన్లు. కొత్త నంబరు తీసుకోవాలి, అది అతనికి తెలియకూడదు. ఆమెకు కావలసింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే మడికొండ ఐటీ పార్కు ముందు గొడుగు వేసుకుని ఒక ఫోన్ కంపెనీ కూర్చుంది. 'మీ నంబరు దేవుడికి కూడా తెలియనివ్వం' అని పెద్ద ఫ్లెక్సీ. అంత గుట్టు కాపాడే కంపెనీకి ఆమె ఆధార్ కావాలి, వేలిముద్ర కావాలి, ఫొటో కావాలి. ఆపైన ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూడనివ్వాలట.

"నా నంబర్ దాచేటందుకు అందరి నంబర్లు మీకెందుకు తమ్మీ?" అని గొడుగు కింది భానుచందర్‌ని అడిగింది.

"ఊకె అడుగుతదక్కా. అలౌ కొట్టుండ్రి, ఫికర్ చేయకుండ్రి."

ఆ 'ఊకె'కు మరో రోజైతే అతన్ని అక్కడే కడిగేసేది. ఆ రోజు నోరు మూసుకుని నొక్కింది.

ఆ నంబర్లలో 'ఇంటాయన' కూడా ఉన్నాడు. మొగుడి పేరు పలకకూడదని పెంచారు గనుక ఫోన్లోనూ పేరు రాయలేదు. అతను చేస్తే గుర్తుపట్టి ఎత్తకుండా ఉండొచ్చని ఆ నంబరు తుడిచేయనూ లేదు.

మరునాడు పొద్దున, ఆమెను ఒక్క మాట అడగకుండా, ఆమె ఫొటో, కొత్త నంబరు అతికించి కంపెనీ ఆ నంబర్లన్నిటికీ కబురు పంపింది. 'మడికొండ నుంచి నవనీత మాతో చేరింది. మీరూ చేరండి, నిశ్చింతగా మాట్లాడుకోండి.' సిగ్గూ శరం లేని కంపెనీ. కొత్తవాడ నడిబొడ్డున డప్పు కొట్టించడమొక్కటే తక్కువ.

నవనీతకు ఆ సంగతే తెలియదు. హాస్టల్లో బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. తెర మీద పేరు లేదు, నంబరు లేదు. ఆ కంపెనీలో చేరినవాళ్ల నంబరు ఎవరికీ కనపడదు మరి. కొత్త నంబరు ఇచ్చింది వార్డెనమ్మకే గనుక ఆమేమో అనుకుని ఎత్తింది.

"ఏందే, నంబర్ మార్చినవట," అన్నాడు విజయ్‌కుమార్. "నేనేం దేవులాడలే, కంపెనోళ్లే పంపిన్రు. ఫొటో మంచిగున్నది. ఆడనే ఉండు, వస్తాన."

ఆమె ఫోన్ పెట్టేసింది. కంపెనీకి చేస్తే, మీ గుట్టు మాకు ప్రాణం అని ఒక ఆడగొంతు తియ్యగా చెప్పిందే చెప్పింది. మనిషన్నవాడు పలకలేదు. జన్మలో ఎవర్నీ అంతగా అసహ్యించుకోలేదామె, చివరికి మొగుణ్ణి కూడా.

ఇంతలో ఒక మెసేజ్ వచ్చింది. 'అభినందనలు నవనీత గారూ. మీ పిలుపు మీద మొదటి మిత్రుడు చేరారు. మీకు ఒక నెల ఉచితం.'

నవనీత పొయ్యి ఆర్పి, పట్టపగలు వంటగది తలుపుకు గడియ పెట్టి, దానికి అడ్డంగా బియ్యం బస్తా జరిపింది.