కౌ దహాయ్ చీపురు

చరిత్రకారులు కాలువల గురించి, కోటగోడల గురించి గ్రంథాలకు గ్రంథాలు రాశారు గానీ, కౌ దహాయ్ చీపురు గురించి ఎందుకో ఒక్క వాక్యమూ రాయలేదు. చైనాలో పీజౌ పట్నం పక్క అతని ఊళ్లో రాజులు పోయారు, ఉమ్మడి సేద్యపు కమ్యూన్ వచ్చి పోయింది. కౌ వంశపు మగవాళ్లు మాత్రం ముఖం కడగకముందే గింకో చెట్ల తోటకు వెళ్లి, రాలిన ఆకును ఏ చెట్టుది ఆ చెట్టు మొదట్లోకి ఊడ్చి, కాలితో అదిమి వచ్చేవారు. గోధుమల గాదెలో నాలుగు గింకో ఆకులు వేస్తే పురుగు పట్టదు కదా. చెట్టు మొదట్లో కుప్ప పోస్తే చెట్టుకూ అదే కాపలా అని వాళ్ల సిద్ధాంతం.

ఈ వేసవిలో ఆకుల అంచులు మాడసాగాయి. మొదట కింది కొమ్మలు, తర్వాత పైవి. వచ్చే వారమే ఆకు కొనే మందుల కంపెనీ లారీ వస్తుంది. పచ్చాకు తప్ప తీసుకోరు. ఇంటికి ఏడాదంతా అదొక్కటే ఆధారం.

"ఎండదెబ్బేలే," అన్నాడు దహాయ్ భార్యతో.

"ఎండ మన తోటకే కాసిందా?" అంది గుయ్‌షిన్. "కాలవ అవతల మౌ అన్న చెట్లు చూడు, ఎలా నవనవలాడుతున్నాయో!"

"ఆ సోమరిపోతు చెట్లా!"

ఆ కోపంతో రోజుకు రెండుసార్లు ఊడ్చాడు. ఆకుల మాడు మరింత పెరిగింది. చివరికి వ్యవసాయ ఆఫీసు నుంచి ఫాన్ అనే అమ్మాయి వచ్చి, కుప్పలోంచి ఓ పాతాకు తీసి నల్లటి చుక్కలు చూపించింది.

"ఇది బూజు జాతి తెగులు తాతా. చలికాలమంతా ఈ కుప్పలో పడుకుని, వాన చినుకులు చిందితే పైకెక్కుతుంది."

"గింకో ఆకును ఏదీ ముట్టదమ్మా!"

"పురుగులు ముట్టవు. దీనికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. కుప్పలన్నీ ఎత్తి, దూరంగా లోతుగా పాతిపెట్టండి."

"మరి ఈ పంట?"

అమ్మాయి చెట్లకేసి చూసి, సంచీ భుజాన వేసుకుంది.

తాతనాటి కుప్పల్ని దహాయ్ తవ్వి, దూరంగా పాతిపెట్టాడు. లారీ వచ్చింది. కంపెనీ మనిషి ఓ గుప్పెడు ఆకు దూసి, చూసి, కింద పడేశాడు. లారీ వంతెన దాటి మౌ తోటకు పోయింది.

సాయంత్రం దహాయ్ గర్వం దిగమింగుకుని వంతెన దాటాడు.

"ఏం మందు కొట్టావురా?"

మౌ తల గోక్కున్నాడు. "మందా? రాలిన ఆకంతా మా ఆవిడ పొయ్యిలోకి ఎత్తుకుపోతుందన్నా. నేనేం చెయ్యను."

మౌ తోటకు చీపురే లేదు.