ఆయ్ అనే మనిషి

సరిహద్దులో మందుపాతర పేలిన నాటినుంచి మాజీ హవల్దార్ సత్యదుర్గారావు చెవుల్లో ఈల ఆగలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అంతర్వేదిలో ఎవరేమన్నా వాళ్ల పెదవుల వంక చూసి, నవ్వి, అవునన్నట్టు "ఆయ్" అంటాడు. పటాలం మర్యాద నేర్పిందని ఊరు మెచ్చుకుంటుంది. భార్య గంగాభవాని కూడా అదే అనుకుంది.

ఆ ఉదయం రొయ్యల చెరువులో తీగ తెగి, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ ఆగిపోయింది. నడుంలోతు నీళ్లలోకి దిగిన భవాని, వెనక్కి తిరగకుండానే అడిగింది. "కరెంటు తీసేసేరాండీ?"

గట్టు మీద స్విచ్చి పక్కన నిలబడ్డ అతడు "ఆయ్" అన్నాడు. ఆమె చెయ్యి తెగిన తీగ వైపు సాగింది. అప్పుడు చూశాడు, స్టార్టర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. మీట లాగేశాడు.

భవాని గిరుక్కున తిరిగింది. "ఆయ్ అన్నారు కదండీ!"

ఈసారి పెదవులు కనిపించాయి. అలవాటుగా నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"వినపళ్లేదే భవానీ. వచ్చిన్నాటినుంచీ వినపళ్లేదు."