పేర్లు చెప్పి గడప దాటండి

విన్నిపెగ్ ఎయిర్‌పోర్టులో మా తమ్ముడి కారు కోసం ఎదురుచూస్తుంటే పక్కన ఓ తెలుగబ్బాయి కనిపించాడు. ఒంటి మీద ఒక చలికోటు, చేతిలో ఇంకోటి. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాడట.

"మీ ఆవిడ వస్తోందా?" అని అడిగాను.

"మా ఆయన వస్తుండు ఆంటీ."

తడబడ్డాడనుకున్నాను. అతను నవ్వాడు.

"పోయినసారి ఆయన విజిటర్‌గ వచ్చినప్పుడు ఇక్కడనే పెండ్లి చేసుకున్నం. ఇంటికాడ ఫ్రెండ్ అనే చెప్పేటోళ్లం. ఇక్కడ స్పౌజ్ అని అప్లై చేస్తే అందరికిచ్చినట్టే వీసా ఇచ్చిండ్రు. టొరంటోల దిగంగనే వర్క్ పర్మిట్ చేతిల పెట్టిండ్రంట."

మగవాడి నోట 'మా ఆయన' అన్న మాట వినడం నాకదే మొదటిసారి. మాట మాత్రం నేను రోజూ అనేదే.

ఇంతలో పల్చటి చొక్కాలో, పెట్టెలు తోసుకుంటూ అతను రానే వచ్చాడు. ఈ అబ్బాయి కోటు తొడిగాడు. ఇద్దరూ బయటికి నడుస్తుంటే నాకేం బుద్ధి పుట్టిందో, కొత్త జంటను ఆపే ఆడపడుచులా ద్వారానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"ఆడపడుచులెవరూ రాలేదుగా, ఆ పని నాది. పేర్లు చెప్పి గడప దాటండి."

"నేనూ, మా ఆయన కిరణూ వచ్చినం" అన్నాడు ఈ అబ్బాయి తడుముకోకుండా.

కిరణ్ అటూ ఇటూ చూసి ఏదో గొణిగాడు. నా వెనక అద్దాల తలుపు మూసుకోలేక, చలిగాలి లోపలికి కొడుతోంది.

"వినపడలేదు బాబూ" అన్నాను, కదలకుండా.

ఈసారి హాలంతా తిరిగి చూసింది.

"నేనూ, మా ఆయన నవీనూ వచ్చినం."